మద్దిగుబ్బ–కృష్ణాపురం కతోలిక సంఘాలు

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పరిసరాల నుంచి అనంతపురం వరకు ఉన్న మెట్టప్రాంతంలోని మద్దిగుబ్బ, కృష్ణాపురం వంటి ఊళ్లలో 18వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో ఏర్పడిన చిన్న గ్రామీణ క్రైస్తవ సంఘాలివి. ఫ్రెంచి యేసుసభ (జెస్యూట్) గురువులు నడిపిన కర్ణాటక మిషన్‌కు చెందినవి. ఆంధ్రలోని రెడ్డి కతోలిక కుటుంబాల్లో చాలామంది తమ మూలాలను ఇక్కడే చెప్పుకుంటారు.

నేపథ్యం

1565 యుద్ధం తర్వాత విజయనగర రాజులు పెనుకొండను రాజధాని చేసుకున్నారు. తర్వాతి కాలంలో ఈ సీమ పాలెగాళ్ల చేతుల్లో ముక్కలైంది. 1700 ప్రాంతంలో పుదుచ్చేరి నుంచి బయలుదేరిన యేసుసభ గురువులు పుంగనూరు, చిక్కబళ్ళాపురం మీదుగా ఇక్కడికి చేరుకున్నారు. పాలెగాడి అనుమతి లేనిదే ఊళ్లో గుడి కట్టడం సాధ్యమయ్యేది కాదు. ఆ అనుమతి దొరికినా వైష్ణవ భిక్షుకులైన దాసరుల వంటి వర్గాల నుంచి గట్టి వ్యతిరేకత ఎదురయ్యేది. ఫాదర్ ఎతియెన్ లె గాక్ 1709లో చిక్కబళ్ళాపురం నుంచి, 1718 డిసెంబరులో కృష్ణాపురం నుంచి ఫ్రాన్సుకు రాసిన లేఖలు ఈ తొలినాళ్లకు ముఖ్య ఆధారాలు.

సంఘ జీవితం

మదురైలో యేసుసభ గురువు రాబర్టో డి నోబిలి 1606లో మొదలుపెట్టిన పద్ధతినే ఈ గురువులూ అనుసరించారు. కాషాయం కట్టి, మాంసం, మద్యం మాని సన్న్యాసుల్లా బతికారు. తెలుగు నేర్చుకుని నిఘంటువులు కూర్చారు.

ఒక్కో గురువు కింద ఎన్నో ఊళ్లు ఉండేవి. ఆయన రాక ఏడాదికి కొన్నిసార్లే. వచ్చిన రోజుల్లోనే జ్ఞానస్నానాలు, పాపసంకీర్తనాలు, పెళ్లిళ్లు, బలిపూజ అన్నీ జరగాలి. మిగతా కాలమంతా సంఘ భారం ఉపదేశిదే. ఆదివారం జనాన్ని కూడగట్టి జపాలు చెప్పించడం, పిల్లలకు జ్ఞానోపదేశం నేర్పడం, చావు దగ్గరపడ్డ వారి పక్కన కూర్చోవడం ఆయన పనులు. లేఖల్లో గురువుల పేర్లే ఎక్కువగా కనిపిస్తాయి గానీ సంఘాన్ని నిలబెట్టింది ఈ ఉపదేశులూ, ఇంట్లో జపాలు మానని తల్లులూ.

స్థానిక ఆచారాలను ఎంతవరకు ఒప్పుకోవాలన్నది పెద్ద వివాదమైంది. 1704లో పోప్ ప్రతినిధి టూర్నన్ వాటిలో పలు ఆచారాలను నిషేధించారు. 1744లో 14వ బెనడిక్ట్ పోప్ ఆ వివాదానికి ముగింపు పలికారు. అయినా కులభేదం సంఘాలను వదలలేదు. ఇది ఈ చరిత్రలో దాచకూడని లోపం.

వలస

కరువులు, సైన్యాల దాడులు ఈ సీమను కుంగదీశాయి. 18వ శతాబ్దంలోనే ఇక్కడి కతోలిక రైతు కుటుంబాలు అనేకం గుంటూరు సీమకు తరలిపోయాయి. ఫిరంగిపురం, రెంటచింతల వంటి ఊళ్లలోని సంఘాలు ఈ వలసతోనే బలపడ్డాయి. శౌరి, ఇన్నయ్య, రాయప్ప వంటి పేర్లు ఆ తరాల నుంచి నేటికీ వాడుకలో ఉన్నాయి.

తర్వాతి కాలం

1773లో పోప్ యేసుసభను రద్దు చేయడంతో గురువుల రాక బాగా తగ్గింది. మిషన్ బాధ్యత తర్వాత పారిస్ విదేశీ మిషన్ సంఘానికి దక్కింది. 1800లో ఈ సీమ ఈస్టిండియా కంపెనీ పాలనలోకి వచ్చాక ప్రొటెస్టెంట్ సేవ విస్తరించింది. 1810లో బళ్ళారిలో మొదలైన లండన్ మిషన్, ఆ శతాబ్దం చివరికి గుత్తి, అనంతపురాల్లో కేంద్రాలు నెలకొల్పింది. 1893లో ఆరంభమైన సిలోన్ అండ్ ఇండియా జనరల్ మిషన్ హిందూపురం, పెనుకొండ వైపు పనిచేసింది. లండన్ మిషన్ సంఘాలు 1947లో దక్షిణ ఇండియా సంఘంలో కలిశాయి. కతోలిక సంఘాలు 1967లో ఏర్పడిన కర్నూలు మేత్రాసనం పరిధిలో ఉన్నాయి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో భాగాలు.

ప్రాధాన్యం

తెలుగు నేల మీద గ్రామీణ కతోలిక సంఘ జీవితం వేళ్లూనుకున్న తొలి చోట్లలో ఈ సీమ ఒకటి. గుంటూరు సీమలోని కతోలిక గ్రామాల చరిత్ర రాసేవారు ఎవరైనా రాయలసీమలోని ఈ చిన్న ఊళ్ల నుంచే మొదలుపెట్టాలి.