పల్లె కాపరి దినచర్య గ్రంథము: రాల్ఫ్ జోస్లిన్ వ్రాతలలో విశ్వాసము, కుటుంబము, వాతావరణము

సంఘ చరిత్ర అనగానే మనకు మహాసభలు, సంస్కర్తలు, విశ్వాస ప్రమాణములు జ్ఞాపకమునకు వచ్చును. అయితే ఏ కాలమందైనను సంఘము నిలిచినది ఎక్కువగా పల్లెలలోని కాపరుల పరిచర్య మీదనే. వారిలో అధికులు తమ్మును గూర్చి ఏమియు వ్రాసి ఉంచలేదు. ఇంగ్లాండు దేశమందలి ఎసెక్స్ జిల్లాలో ఎర్ల్స్ కోల్న్ అను గ్రామమునకు 1641 నుండి 1683లో తన మరణము వరకు కాపరిగా ఉండిన రాల్ఫ్ జోస్లిన్ అట్టివారిలో అరుదైనవాడు. ఆయన దాదాపు నలువది సంవత్సరములు దినచర్య వ్రాసెను. మానవశాస్త్ర పండితుడైన ఆలన్ మాక్‌ఫార్లేన్ 1976లో దానిని సంపూర్ణముగా ప్రచురించెను. ఒక కాపరి తన అనుదిన జీవితములో దేవుని హస్తమును ఎట్లు వెదకెనో, ఆ వెదకుటలో ఆయనకు ఎక్కడ ఆదరణ, ఎక్కడ వేదన కలిగెనో ఈ వ్యాసములో పరిశీలించెదము.

కాపరి, రైతు, తండ్రి

జోస్లిన్ 1617లో జన్మించి, కేంబ్రిడ్జిలోని జీసస్ కళాశాలలో చదివెను. 1640లో జేన్ కాన్‌స్టబుల్‌ను వివాహమాడెను. వారికి పదిమంది పిల్లలు. విశ్వాసములో ఆయన ప్యూరిటన్. అంతర్యుద్ధకాలమున పార్లమెంటు పక్షమున నిలిచి, కొంతకాలము ఆ సైన్యములో చాప్లిన్‌గా కూడ పనిచేసెను. 1662 నాటి ఏకరూపతా చట్టము వలన ఆ కాలములో రమారమి రెండువేలమంది బోధకులు తమ స్థానములను కోల్పోయిరి. జోస్లిన్ ఆ చట్టమునకు మనఃపూర్వకముగా లోబడకపోయినను తన గ్రామములోనే నిలిచియుండెను.

సంఘము నుండి వచ్చు రాబడి చాలనందున ఆయన భూమి కొని సాగు చేసెను, కొన్ని సంవత్సరములు గ్రామ పాఠశాలలో ఉపాధ్యాయుడుగా ఉండెను. కనుక వానను గూర్చిన ఆయన వ్రాతలు వేడుక మాటలు కావు. ధాన్యము తడిసిన యెడల సంఘస్థులకు నష్టము, ఆయన గరిసెకును నష్టమే. కోత పండుగనాడు కానుకగా వచ్చు ధాన్యపు మూటలను చూచి ఆ ఏటి పంట ఎట్లున్నదో చెప్పగల మన గ్రామ కాపరులకు ఈ సంగతి వివరింప నక్కరలేదు.

తేనెటీగ మొదలుకొని వరద వరకు

తన జీవితములో దైవ సంరక్షణను కృతజ్ఞతతో గమనించుటకే జోస్లిన్ ఈ గ్రంథమును వ్రాసెను. ఆయన దృష్టిలో దేవుని ఏర్పాటుకు వెలుపల ఏదియు లేదు. 1644 సెప్టెంబరులో ఒక తేనెటీగ ఆయన ముక్కు మీద కుట్టెను. వెంటనే కొండిని తీసివేసి తేనె రాయగా ముఖము వాయలేదు. ఇంత అల్పమైన విషయములోను దైవ సంరక్షణ ఉన్నదని ఆయన వ్రాసికొనెను. చదువువారికి నవ్వు రావచ్చును. కాని కృతజ్ఞత చెప్పుటకు గొప్ప కార్యము కొరకు కనిపెట్టని విశ్వాసము అందులో ఉన్నది.

అదే దృష్టితో ఆయన ఆకాశమును కూడ చూచెను. 1646 మొదలుకొని 1650 వరకు ఇంగ్లాండులో వరుసగా పంటలు చెడెను. 1648 వేసవిలో ఎడతెగని వానలు కురిసెను. ఆ వేసవియందే ఆయన గ్రామమునకు సుమారు పది మైళ్ల దూరములోనున్న కోల్చెస్టర్ పట్టణము పదకొండు వారములు ముట్టడిలో ఉండెను. యుద్ధము, వాన, ధాన్యపు ధర ఈ మూడును ఆయన వ్రాతలలో ఒకదానితో ఒకటి పెనవేసికొనియున్నవి. ఈ వాతావరణమును ఆయన దేశముపై దేవుని అసంతోషముగా ఎంచెను. ఆ శతాబ్దమందు ఐరోపా ఖండము అసాధారణమైన చలికాలమును ఎదుర్కొనెనని నేడు శాస్త్రజ్ఞులు చెప్పుదురు. దానికి వారు చిన్న మంచుయుగమని పేరిడిరి. ఆ సంగతి జోస్లిన్‌కు తెలియుటకు మార్గము లేదు.

ఇంటిలో మరణము

ఈ చదువు విధానము అతి కఠినముగా పరీక్షింపబడినది ఆయన ఇంటిలోనే. నేటి లెక్క ప్రకారము 1648 ఫిబ్రవరిలో ఆయన కుమారుడు రాల్ఫ్ పుట్టిన పది దినములకు చనిపోయెను. దేవుడు తనతో ఏమి చెప్పుచున్నాడని జోస్లిన్ తన్ను తాను పరీక్షించుకొనెను. ఆయనకు తట్టిన తప్పులలో ఒకటి, తగని సమయములలో చదరంగము ఆడుట. తేనెటీగ విషయములో కృతజ్ఞత పుట్టించిన సూత్రమే ఇక్కడ దుఃఖించు తండ్రిపై నేరము మోపెను. ప్రతి మేలులోను దేవుని సందేశమును చదువుటకు అలవాటుపడినవాడు ప్రతి కీడులోను శిక్షను చదువకుండ ఉండుట కష్టము.

1650 మే 27న ఎనిమిదేండ్ల కుమార్తె మేరీ మరణించెను. ఆరు దినములకు, జూన్ 2న, రాల్ఫ్ అను పేరే పెట్టబడిన మరియొక పసివాడును మరణించెను. మేరీని గూర్చి వ్రాసిన మాటలలో తప్పును వెదకుట కంటె బిడ్డను స్మరించుటయే అధికముగా కనబడును. ఆమె బుద్ధిని, వయస్సుకు మించిన నెమ్మదిని, ఆమెయందు తమకున్న ప్రేమను ఆయన చెప్పుకొనెను. పూర్వకాలమందు పిల్లలు తరచుగా చనిపోవుచుండిరి గనుక తల్లిదండ్రులు వారిని అంతగా ప్రేమింపలేదని కొందరు చరిత్రకారులు వాదించిరి. 1970లో జోస్లిన్ కుటుంబ జీవితముపై మాక్‌ఫార్లేన్ వ్రాసిన గ్రంథము మొదలుకొని, ఆ వాదమునకు విరోధముగా చూపబడు సాక్ష్యములలో ఈ దినచర్య ముఖ్యమైనది.

బ్రదికిన పిల్లల వలనను ఆయనకు వేదన కలిగెను. కుమారుడైన జాన్ అవిధేయుడై తిరుగగా ఆస్తి ఇయ్యనని ఆయన హెచ్చరించెను. 1681లో జాన్ తండ్రికి తెలియకుండ వివాహము చేసికొనెను. ఆ సందర్భమున తండ్రి వ్రాసిన మాట శాపము కాదు, దేవుడు అతని తప్పులను క్షమించవలెనను ప్రార్థన.

మన పరిచర్యకు

మరణము జరిగిన ఇంటికి వెళ్లినప్పుడు “మేమేమి పాపము చేసితిమి, అయ్యగారూ?” అను ప్రశ్నను మేము పలుమార్లు వినియున్నాము. వాన కురియని సంవత్సరమందు గ్రామమంతయు అదే ప్రశ్న అడుగును. వెంటనే ఒక కారణము చూపవలెనను తొందర కాపరికి కలుగును. అయితే పుట్టు గ్రుడ్డివాని విషయములోను, సిలోయము గోపురము పడి చచ్చినవారి విషయములోను అట్టి లెక్కను ప్రభువు అంగీకరింపలేదు. యోబు స్నేహితులు మౌనముగా కూర్చుండిన ఏడు దినములే వారి పరిచర్యలో మంచి భాగమని మా అభిప్రాయము.

జోస్లిన్ నుండి మనము నేర్చుకొనవలసినది రెండు విధములుగా నున్నది. అల్పమైన మేళ్లకును కృతజ్ఞత చెప్పు ఆయన అలవాటు అనుసరింపదగినది. బిడ్డ మరణమునకు చదరంగపు బల్లను కారణముగా చూచిన ఆయన లెక్క అనుసరింపదగినది కాదు. దుఃఖపడు తల్లిదండ్రులపై ఆ భారమును మోపుటకు మనకు అధికారము ఇయ్యబడలేదు. కాని మేరీని గూర్చి ఆయన చేసిన పని మనమును చేయగలము. చనిపోయిన బిడ్డ పేరును, గుణములను ఆ ఇంటివారితో కూడ జ్ఞాపకము చేసికొనవచ్చును, వారితో కూడ ఏడ్వవచ్చును. ఆ దినమున వారికి అవసరమైన ప్రసంగము అదియే.