ట్రిప్టోఫాన్

ట్రిప్టోఫాన్ ఒక అత్యవసర అమైనో ఆమ్లం. శరీరం దీన్ని సొంతంగా తయారు చేసుకోలేదు, తిండి ద్వారానే అందాలి. మాంసకృత్తులలో అతి తక్కువగా ఉండే అమైనో ఆమ్లాల్లో ఇదొకటి. పెద్దవారికి రోజుకు కిలో బరువుకు 4 మిల్లీగ్రాములు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007 నివేదిక చెబుతోంది. అంటే 50 కిలోల మనిషికి 200 మిల్లీగ్రాములు. గ్లాసుడు పాలలోనే ఇందులో సగానికి దగ్గరగా దొరుకుతుంది. గుడ్లు, మాంసం, చేపలు, నువ్వులు, వేరుసెనగల్లోనూ బాగానే ఉంటుంది.

1901లో ఇంగ్లండులో హాప్కిన్స్, కోల్ దీన్ని పాలలోని కేసీన్ నుంచి వేరుచేశారు. మొక్కజొన్నలోని జీన్ అనే మాంసకృత్తిలో ట్రిప్టోఫాన్ దాదాపు ఉండదు. కేవలం దాని మీద పెంచిన ఎలుకలు త్వరగా చచ్చిపోయేవి. ట్రిప్టోఫాన్ కలిపి పెడితే ఎక్కువ రోజులు బతికాయని 1906లో తేలింది.

శరీరం దీంతోనే సెరటోనిన్, మెలటోనిన్‌లను, నియాసిన్ అనే విటమిన్‌నూ తయారు చేసుకుంటుంది. సుమారు 60 మిల్లీగ్రాముల ట్రిప్టోఫాన్ నుంచి 1 మిల్లీగ్రాము నియాసిన్ వస్తుంది. రెండూ కొరవడితే పెల్లాగ్రా పట్టుకుంటుంది. ఎండ తగిలే మెడ, ముంజేతులు, పాదాల మీద చర్మం నల్లబడి పొలుసులుగా లేస్తుంది. విరేచనాలు, మతి చలించడం తోడవుతాయి.

మొక్కజొన్నే ప్రధానాహారమైన ప్రాంతాల జబ్బుగా పేరుపడిన పెల్లాగ్రా, జొన్న తినే దక్కన్ పేదల్లోనూ కనిపించింది. జొన్నలో ట్రిప్టోఫాన్ మరీ తక్కువేం కాదు. మరి జబ్బెందుకు? హైదరాబాదులోని పోషకాహార పరిశోధనాలయంలో పనిచేసిన గోపాలన్, శ్రీకంఠయ్య 1960లో వేలెత్తి చూపింది లూసిన్ అనే మరో అమైనో ఆమ్లాన్ని. జొన్నలో మితిమీరి ఉన్న లూసిన్, ట్రిప్టోఫాన్ నియాసిన్‌గా మారడానికి అడ్డుపడుతుందని వారి వాదన. తర్వాత కొందరు దీంతో విభేదించారు. ఏదేమైనా, ఇందుకు జొన్నరొట్టెను తప్పుపట్టడం అన్యాయం. పూటపూటా వట్టి జొన్న గటకతోనే సరిపెట్టుకోవాల్సిన పేదరికమే అసలు దోషి. పక్కన పప్పో పాలో ఉంటే ఆ బెడద లేదు.

రాత్రి పాలు తాగితే ట్రిప్టోఫాన్ వల్ల నిద్ర పడుతుందన్న మాటకు బలం తక్కువ. పాలలోని ఇతర అమైనో ఆమ్లాలూ మెదడులోకి అదే దారిన వెళ్లాలి, ఆ పోటీలో దీని వాటా కొంచెమే. ఇక మాత్రల సంగతి వేరు. 1989లో అమెరికాలో ట్రిప్టోఫాన్ మాత్రలు వాడిన 1,500 మందికి పైగా తీవ్రమైన కండరాల నొప్పులతో జబ్బుపడ్డారు, కొందరు చనిపోయారు. ఒకే తయారీదారు సరుకులోని మలినాలను అనుమానించారు. కుంగుబాటుకు మందులు వాడుతున్నవారు వైద్యుణ్ణి అడగకుండా ఈ మాత్రలు వేసుకోకూడదు.