ర్యాలీ పోటీలకు పాత మారుతి 800

మారుతి 800 భారతదేశంలో 1983 నుండి 2014 వరకు తయారైన చిన్న కారు. 796 సి.సి. మూడు సిలిండర్ల ఇంజను, సుమారు 650 కిలోల బరువు గల ఈ కారు చౌకగా దొరుకుతుంది, ఏ ఊరి మెకానిక్కుకైనా దీని మరమ్మత్తు తెలుసు. అందువలన ర్యాలీలు కొత్తగా నేర్చుకొనేవారు పాత 800ను ఎన్నుకొంటుంటారు.

కొనుగోలు

ఈ కారుకు విడిగా ఛాసిస్ ఫ్రేము ఉండదు. రేకు బాడీయే బరువంతా మోస్తుంది. కనుక ఇంజను కంటే ముందు బాడీని పరీక్షించాలి. కృత్తివెన్ను, మచిలీపట్నం, దివిసీమ వంటి తీరప్రాంతాలలో ఉప్పుగాలికి రేకు త్వరగా తుప్పు పడుతుంది. మ్యాట్లు ఎత్తి అడుగు రేకును, తలుపుల క్రింది అంచులను, ముందు షాక్ అబ్జార్బర్లు బిగించే చోట్లను చూడాలి. కొత్త రంగును చూసి మోసపోరాదు. ఇంజను చెడితే మరొకటి దొరుకుతుంది. తుప్పు తిన్న రేకుకు బిగించిన రోల్ కేజ్ మాత్రం కారు బోల్తా పడినపుడు ఊడిపోయే ప్రమాదమున్నది.

సొంతకారు రిజిస్ట్రేషన్ గడువు 15 సంవత్సరాలు. చివరగా తయారైన 800లకు సైతం 2029 నాటికి అది ముగుస్తుంది. పునరుద్ధరణ ఖర్చును ధరలో లెక్కించుకోవాలి.

మార్పులు

నిర్ణీత సగటు వేగాన్ని పాటించే టి.ఎస్.డి. ర్యాలీలకు మార్పులు దాదాపు అక్కరలేదు. వేగపు ర్యాలీలకు రోల్ కేజ్ తప్పనిసరి. ఎఫ్.ఐ.ఎ. నిబంధనల ప్రకారం దాని ప్రధాన గొట్టం అతుకులేని ఉక్కుతో, 45 మి.మీ. వ్యాసం, 2.5 మి.మీ. మందంతో ఉండాలి (50 మి.మీ. వ్యాసమైతే 2 మి.మీ. మందం చాలు). నీటి పైపులు ఇందుకు పనికిరావు. తరువాత బెల్టులు, బ్రేకులు, షాక్ అబ్జార్బర్లు, సంప్ గార్డు. ఇంజను వంతు చివరిది.

ఎస్టీమ్ కారు 1298 సి.సి. ఇంజనును 800లో అమర్చడం ఔత్సాహికులలో ప్రసిద్ధం. అప్పుడు పాత బ్రేకులు చాలవు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, రవాణాశాఖ అనుమతి లేకుండా ఇట్లు మార్చిన కారును రోడ్డుపై నడపరాదు. పోటీ స్థలానికి లారీపై తరలించాలి.