అంధ విద్యార్థుల రేఖాగణిత అభ్యసనం: చారిత్రక పరిశీలన

రేఖాగణితానికి పటం ప్రాణం. అయితే ఆ పటాన్ని కంటితోనే గ్రహించాలన్న నియమమేదీ ఆ శాస్త్రంలో లేదు. ఇందుకు ప్రబల నిదర్శనం ఇంగ్లండుకు చెందిన నికొలస్ సాండర్సన్ (1682–1739). పసితనంలోనే మశూచి వల్ల చూపు కోల్పోయిన ఈయన 1711లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ గణితాచార్యుడయ్యాడు. రంధ్రాలున్న పలకపై సూదులు గుచ్చి, వాటిని దారంతో కలిపి, ఏర్పడిన ఆకృతులను వేళ్ళతో పరిశీలించేవాడు.

దాదాపు మూడు శతాబ్దాల అనంతరం ఇదే సమస్య తెలుగునాట న్యాయస్థానానికి చేరింది. మచిలీపట్నం ప్రాంతానికి చెందిన బొల్లా శ్రీకాంత్‌కు పదవ తరగతి తరువాత గణిత, విజ్ఞానశాస్త్రాలు చదివే అవకాశం లభించలేదు. పటాలు, గ్రాఫులు అంధులకు కష్టమన్నదే అందుకు చూపిన కారణం. న్యాయపోరాటం ద్వారా ప్రవేశం సాధించిన ఆయన 2009లో అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో చేరాడు.

పూర్వపు వరంగల్ జిల్లా నుండి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి కేంద్రాలుగా కొత్త జిల్లాలు 2016 అక్టోబరులో ఏర్పడ్డాయి. అదే ఏడాది డిసెంబరులో దివ్యాంగుల హక్కుల చట్టం వచ్చింది. నిర్దేశిత వైకల్యం గల విద్యార్థులకు 18 ఏళ్ళ వయసు వరకు పుస్తకాలు, అభ్యసన సామగ్రి, సహాయక పరికరాలు ఉచితంగా అందించాలని దాని 17వ సెక్షన్ నిర్దేశిస్తున్నది.

ఈ నిబంధనను రేఖాగణితానికి అన్వయిస్తే, బ్రెయిలీ పాఠ్యం మాత్రమే చాలదని స్పష్టమవుతుంది. సిద్ధాంత వాక్యం బ్రెయిలీలో ఉండి, దాని పటం ఉబ్బెత్తు రూపంలో లేకపోతే విద్యార్థికి నిరూపణ కంఠస్థ పాఠంగా మిగులుతుంది. అట్టపై అతికించిన దారం వృత్తపరిధిని, చీపురుపుల్ల వ్యాసార్ధాన్ని తెలుపగలవు. ఈ మూడు జిల్లాల మారుమూల పాఠశాలలకూ అందుబాటులో ఉండే సామగ్రి ఇది. పరీక్షా పత్రంలోని పటం కూడా స్పర్శకు అందినప్పుడే ఆ హక్కు సంపూర్ణమవుతుంది.