మస్తు
హైదరాబాద్ పాతబస్తీలోనూ తెలంగాణ అంతటా వాడుక తెలుగులో, లెక్క చెప్పకుండానే ‘చాలా’ అని తెలిపే మాట మస్తు. మూలం పారసీ ‘మస్త్’, అంటే మత్తెక్కిన. ఉర్దూ మీదుగా తెలుగుకు వచ్చింది. 1591లో వెలిసిన ఈ నగరంలో ఈ భాషలు పక్కపక్కనే మెలిగాయి. గంపెడు, బండెడు వంటి మాటల్లో కొలత కనిపిస్తూనే ఉంటుంది. గంపెడాశలోనూ గంప మిగిలే ఉంది. మస్తుకు ఏ కొలతా లేదు కాబట్టే పైసలకూ, పనికీ, కోపానికీ ఒకేలా అతుకుతుంది.

ఇది మెచ్చుకోలే తప్ప పరిమాణం కాదన్న అభ్యంతరం ‘బిర్యానీ మస్తుంది’ వరకు సరైనదే. ‘చార్మినార్ కాడ మస్తు మంది ఉన్నరు’ అన్నప్పుడు మాత్రం మెచ్చుకోలేమీ లేదు, విసుగైనా ఉండొచ్చు. తెలిసేది జనం ఎక్కువన్న సంగతే. ఇక్కడి ఉర్దూ అయిన దక్కనీలో ఈ పని ‘భోత్’ చేస్తుంది. అక్కడ కాలానికీ కొలత చెప్పని ఇదే ధోరణి: మొన్న అని అర్థమిచ్చే ‘పర్సోం’ ఆ మొన్నను దాటి, గడిచిన ఏ రోజుకైనా చెల్లుతుంది.