సీసా అడుగు మడ్డి

బరంపురంలో మా అమ్మ పాలు తోడుపెట్టడానికి అంగడి పెరుగు ఎన్నడూ వాడలేదు. ఇంట్లో తోడు అయిపోయిన రోజున నా చేతికి చిన్న గిన్నె ఇచ్చి పక్కింటికి పంపేది. కొనుక్కొస్తే ఏమవుతుందని ఒకసారి అడిగాను. "కొన్నదాంతోనూ తోడుకుంటుందిరా, కాని అది మనింటి పెరుగు కాదు" అంది.

చాలా ఏళ్ల తర్వాత బీరు చరిత్ర చదువుతూ ఉంటే ఆ మాట గుర్తొచ్చింది. (బీరు పేరెత్తగానే మొహం చిట్లించే పెద్దలు మన్నించాలి. నేను తాగేవాణ్ణి కాను, చదివేవాణ్ణి మాత్రమే.) విదేశాల్లో ఇంటి దగ్గర సొంతంగా బీరు కాచుకునేవాళ్ల మధ్య ఒక తెగని తగువు ఉంది. పులియబెట్టే ఈస్టును దుకాణంలో పొట్లం కొని తెచ్చుకోవాలా, లేక నచ్చిన బీరు సీసా అడుగున మిగిలిన మడ్డి నుంచి పెంచుకోవాలా అని. దీని వెనక ఉన్న కథ దాదాపు 180 ఏళ్ల నాటిది.

1845లో డెన్మార్కుకు చెందిన జె.సి. యాకబ్సెన్ అనే బీరు వ్యాపారి జర్మనీలోని మ్యూనిక్ వెళ్లి, ష్పాటెన్ బట్టీ యజమాని సెడ్ల్‌మాయర్ దగ్గర రెండు డబ్బాల ఈస్టు పుచ్చుకున్నాడు. ఆ ఈస్టుకు వేడి పడదు. గుర్రబ్బండి ఆగిన ప్రతి మజిలీలోనూ దిగి డబ్బాల మీద చన్నీళ్లు పోసుకుంటూ కోపెన్‌హాగెన్ చేర్చాడని చెబుతారు. మా అమ్మ గిన్నె ప్రయాణం లాంటిదే, దూరమే ఎక్కువ. 1847లో ఆయన పెట్టిన కార్ల్స్‌బర్గ్ బట్టీలో ఒక విడత మడ్డి తర్వాతి విడతకు తోడుగా దశాబ్దాల పాటు నడిచింది.

తోడు చెడడం ఇల్లాళ్లందరికీ తెలుసు. 1883లో అక్కడి బీరు రుచి చెడింది. చెడడానికి బాక్టీరియా కారణమని పాశ్చర్ 1876లో పుస్తకమే రాశాడు. యాకబ్సెన్ 1875లో నెలకొల్పిన ప్రయోగశాలలో పనిచేస్తున్న ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ ఇంకో అడుగు ముందుకు వేశాడు. తోడులో మంచి ఈస్టుతో పాటు పనికిరాని అడవి ఈస్టులు కూడా కలిసిపోయాయన్నాడు. ఒకే ఒక్క కణాన్ని విడదీసి, దాని సంతానాన్ని మాత్రమే పెంచాడు. యాకబ్సెన్ మొదట నమ్మలేదు. చివరకు 1883 నవంబరు 12న ఆ శుద్ధమైన ఈస్టును బట్టీలో వాడారు. బీరు కుదిరింది.

ఆ తర్వాత ఆయన దాన్ని దాచుకోలేదు, ఇతర బట్టీల వాళ్లకు పంచిపెట్టాడు. ప్రయోగశాలలో కనిపెట్టినదేదీ రహస్యంగా ఉంచరాదని ముందే నియమం పెట్టుకున్న మనిషి. అడిగి తెచ్చుకున్నదాన్ని అడిగినవాళ్లకు ఇచ్చాడు. నాకు ఆయన మీద గౌరవం కలిగింది ఇక్కడే.

నేడు దుకాణంలో దొరికే పొట్లానికి మూలపురుషుడు హాన్సెన్ అన్నా తప్పులేదు. అయితే శుద్ధిలో కొంత పోతుంది కూడా. ఇంగ్లండులో ఏళ్ల తరబడి నిలవ ఉంచే బీర్ల వాసనకు కారణం బ్రెట్టనోమైసిస్ అనే మరో ఈస్టు అని కార్ల్స్‌బర్గ్‌కే చెందిన క్లాసెన్ 1904లో ప్రకటించాడు. ఒకచోట కలుపుమొక్క అనుకున్నది ఇంకొకచోట పంట. అంతెందుకు, ఆ మ్యూనిక్ ఈస్టు కూడా సంకరజాతిదే. దాని తల్లిదండ్రుల్లో ఒకదాని ఆచూకీ 2011లో దక్షిణ అమెరికా కొసన పటగోనియా అడవుల్లో తెలిసింది.

ఇంటి బీరుకు బ్రిటన్‌లో 1963లో లైసెన్సు బాధ తప్పింది. అమెరికాలో 1978లో కార్టర్ సంతకంతో ఫెడరల్ చట్టం అనుమతించింది. ఆ రోజుల్లో పొట్లాల ఈస్టు నాసిరకం. అందుకే జనం సీసాల మీద పడ్డారు. కాలిఫోర్నియాలోని చికో ఊళ్లో 1980లో బీరు కాయడం మొదలుపెట్టిన సియెర్రా నెవాడా వారి సీసా మడ్డి ఎందరి ఇళ్లలోనో పెరిగింది. సీసాను కొన్నాళ్లు చల్లగా నిలబెట్టి, పైబీరు వంచేసి, మూతిని మంటకు చూపి, మరిగించి చల్లార్చిన పలుచని మాల్టు రసం కొద్దిగా పోస్తారు. నురగ కట్టాక ఇంకొంచెం, ఇంకొంచెం. పాత సీసాలోనూ, ఘాటు బీరులోనూ కణాలు నీరసించి ఉంటాయి. మోసం కూడా ఉంది: జర్మనీ గోధుమ బీర్లలో కొన్నింటికి అసలు ఈస్టును వడకట్టి, సీసాలో వేరేది వేస్తారు. దాన్ని ఎంత పోషించినా ఆ అరటిపండు వాసన రాదు.

నన్నడిగితే, దుకాణంలో ఉన్నదాని కోసం సీసాతో కుస్తీ పట్టడం దండగ. అక్కడ దొరకనిదాని కోసమే ఆ శ్రమ.

మన దగ్గర ఈ తగువు లేదనుకోకండి. కిణ్వనం అనే మాటకు మూలమైన కిణ్వాన్ని మినుములూ బియ్యంతో తయారుచేయడం అర్థశాస్త్రంలో ఉంది. గృహస్థులు శుభకార్యాలకు తెల్లసుర చేసుకోవచ్చని, కిణ్వం సేకరణ స్త్రీలూ పిల్లలూ చేయాలని కూడా అందులో ఉంది. మా ఒడిశాలో మయూర్‌భంజ్ వైపు సంతల్లో 'రాను' బిళ్లలు అమ్ముతారు. బియ్యప్పిండిలో వేళ్లూ మూలికలూ కలిపి ఎండబెట్టినవి. వాటితోనే ఇంట్లో హండియా పులియబెడతారు. ఈస్టు కొన్నది, హండియా ఇంటిది.

2013లో కార్ల్స్‌బర్గ్ పాత నేలమాళిగలో 1883 నాటి సీసా ఒకటి దొరికింది. అడుగు మడ్డిలో ఇంకా ప్రాణమున్న కణాలు ఉన్నాయని కంపెనీ వారు ప్రకటించారు. వాటిని మేపి, పెంచి, 2016లో ఆ బీరు మళ్లీ కాచారు.