మాతృకలు – ఛాయాప్రతులు

పూర్వపు లేఖకులు గ్రంథాంతమున నొక విన్నపము వ్రాయుట కలదు. పుస్తకమును నూనెనుండియు, నీటినుండియు, వదులైన కట్టునుండియు రక్షింపవలయుననియు, మూర్ఖుని చేతికీయవలదనియు దాని తాత్పర్యము. ప్రతి వ్రాసికొనువాఁడు మాతృకను గాపాడుటకును బద్ధుఁడని దీనివలనఁ దెలియుచున్నది. గంటమునకు మాఱుగా ఛాయాయంత్రము వచ్చినను ఈ ధర్మము మాఱలేదు. ఒక విద్వాంసుఁడు తన పరిశోధనకై తీయించుకొనిన ఛాయాచిత్రములు, మాతృక చెడిన పిదప నెట్లు సాక్ష్యమిచ్చునో ఆర్కిమెడీసు గ్రంథచరిత్రము చూపుచున్నది.

గ్రీకు గణితవేత్తయగు ఆర్కిమెడీసు రచనలు కొన్ని క్రీ.శ. 10-వ శతాబ్దిని చర్మపత్రములపై వ్రాయఁబడెను. 1229-వ సంవత్సరమున నొక క్రైస్తవలేఖకుఁడు ఆ యక్షరములను గీఁకివేసి, వానిమీఁద ప్రార్థనలు వ్రాసెను. 1906-వ సంవత్సరమున డెన్మార్కుదేశపు పండితుఁడు హైబర్గు కాన్‌స్టాంటినోపిలునగరమున నాపుస్తకమును జూచి, క్రింది లిపి ఆర్కిమెడీసు రచన యని గుర్తించెను. భూతద్దముతోఁ జదువఁగలిగినంత చదివి, పత్రములకు ఛాయాచిత్రములు తీయించెను.

తరువాత నాపుస్తకము చిరకాలము విద్వాంసులకుఁ గానరాలేదు. 1998-వ సంవత్సరమున న్యూయార్కులో 20 లక్షల డాలర్లకు వేలమున నమ్ముడుపోవునాఁటికి బూజు పత్రములను దినివేసియుండెను. హైబర్గు చూచిన పత్రములు కొన్ని లోపించెను. 4 పత్రములపై నెవరో కూటచిత్రములు వ్రాసియుండిరి. 1906 నాఁటి ఛాయాచిత్రములలో నాబొమ్మలు లేకుండుటచే నవి యర్వాచీనములని తేలెను. పోయిన పత్రములకును ఆ ఛాయాచిత్రములే శరణ్యములయ్యెను. 1999 మొదలు 2008 వఱకు అమెరికాదేశమున నిపుణులు వివిధవర్ణముల వెలుఁగులయందు చిత్రములు తీసి, హైబర్గునకు అందని పాఠమును గూడ కొంత చదివిరి.

దీనికి విపరీతమైన మార్గమొకటి 19-వ శతాబ్దిని యూరపులో నుండెను. చెఱిపిన లిపిని జదువుటకై కొందఱు మాచికాయ కషాయమును పత్రములకుఁ బూసిరి. అక్షరములు కొంతకాలము స్పష్టములై, పిదప పత్రమే నల్లఁబడెను. ఒకని పఠనమునకై పరులందఱి పఠనము చెడెను.

తెలుఁగు తాళపత్రములకును ఇట్టి యపాయము కలదు. గంటపువ్రాఁతలో మసి పోయినయెడల అక్షరము గోచరింపదు. అప్పుడు పాఠకుఁడు తానే ఆకుపసరు, మసి రుద్దుట తగదు. ప్రక్కనుండి వాలుగా వెలుఁగు పడునట్లు చేసినచో గీఁతలలో నీడ యేర్పడి లిపి కనఁబడును. వెలుఁగువలని హాని క్రమక్రమముగాఁ గూడుచుండునదగుటచే తీవ్రదీపములను వాడఁగూడదు. ఎండి పెళుసైన పత్రమును అదిమి చదును చేయరాదు. కుట్టుపుస్తకమును దానంతట తెఱచుకొన్నంతవఱకే తెఱచి, ఇరుప్రక్కల మెత్తని యూఁత నీయవలయును. చేతులు శుభ్రముగాను పొడిగాను ఉండవలయును. త్రాడు విప్పిన పత్రముల వరుస తప్పరాదు.

చేతివ్రాఁత ప్రతులవలని మేలు సామాన్యము కాదు. 1821-వ సంవత్సరమున మృతుఁడైన మెకంజీదొర సేకరింపించిన కైఫీయతులు శిథిలములగుచుండఁగా బ్రౌనుదొర ప్రతులు వ్రాయించి పెక్కింటిని నిలిపెను. ఐనను మాతృకలోని శకటరేఫము ప్రతిలో సాధురేఫమైనచో, మాతృక నశించిన పిమ్మట ఆ మార్పెవరిదో నిర్ణయింప శక్యము గాదు. ఛాయాచిత్రమునందు మాతృకాక్షరమే నిలుచును. అయినను దానికిని దోషము లేకపోలేదు: చిత్రమున పురుగుతిన్న రంధ్రము పూర్ణానుస్వారమువలెఁ గనఁబడవచ్చును. కావున మాతృక యెదుట నుండఁగనే సందేహస్థలములను వేఱుగా వ్రాసికొనుట యావశ్యకము.

భాండాగారాధికారి యనుమతి మొదట పొందవలయును. భాండాగారనామమును, గ్రంథసంఖ్యను మొదటి చిత్రముననే చేర్పవలయును. పిదప తనకుఁ గావలసిన పంక్తిని మాత్రము గాక, అంచులతోఁగూడ పత్రమునంతను, రెండుప్రక్కలను, పత్రసంఖ్య కనఁబడునట్లు, కొలబద్దతో సహా తీయుట మేలు. హైబర్గు తనకై తీయించిన చిత్రములు తొంబది యేండ్ల పిదప ఇతరులకు ఉపకరించెను. ఏ పత్రమునకు ఏ చిత్రము చివరి సాక్షి యగునో తీయువాఁడెఱుఁగఁడు గదా.